పాఠం 17 : కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఫైలు వ్యవస్థ తనిఖీ

17.1 పరిచయం

గత పాఠంలో లినక్స్ కంప్యూటరులో ఫైళ్లను, డైరెక్టరీలను ఎలా తయారుచేయాలో నేర్చుకున్నారు. మీరు దాచిన ఫైలు మరునాడు మళ్లీ దొరుకుతుందని మీ నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి కంప్యూటరు ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు ఒక పని చేస్తుంది. డిస్కు మీది లెక్కలు సరిగా ఉన్నాయా, లేవా అని చూసుకుంటుంది. ఈ పని మనకు తెలియకుండానే, సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. కొన్నిసార్లు మాత్రం చాలాసేపు పడుతుంది. అలాంటప్పుడు కంప్యూటరు చెడిపోయిందనుకొని స్విచ్ ఆపేవారు ఉన్నారు. అలా ఆపడం ఎందుకు ప్రమాదమో, ఆపకుండా ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు క్రింది పనులు చేయగలుగుతారు :

• కరెంటు హఠాత్తుగా పోతే ఫైలు వ్యవస్థకు ఏమి జరుగుతుందో వివరించగలుగుతారు.
• చిట్టా పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పగలుగుతారు.
• చిట్టా ఉన్నప్పటికీ అప్పుడప్పుడు పూర్తి తనిఖీ ఎందుకు అవసరమో కారణాలు చూపగలుగుతారు.
• తనిఖీకి గడువు పెట్టగలుగుతారు.
• తెర మీద కనిపించే సందేశాన్నిబట్టి తగిన నిర్ణయం తీసుకోగలుగుతారు.

17.3 కరెంటు పోతే ఏమవుతుంది?

ఫరీదాబాద్ హర్యానాలోని పారిశ్రామిక నగరం. అక్కడ పెద్ద కర్మాగారాలతోపాటు, వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న వర్క్‌షాపులు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక వర్క్‌షాపులో మీరు గుమాస్తాగా పనిచేస్తున్నారనుకోండి. నలభై మంది పనివారి హాజరు, ఓవర్‌టైము వివరాలు మీ కంప్యూటరులో ఉన్నాయి. 7వ తేదీన జీతాలు ఇవ్వాలి. 6వ తేదీ సాయంత్రం మీరు ఓవర్‌టైము గంటలు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ లేదు.

ఇది ఎక్కడైనా, ఎప్పుడైనా జరగవచ్చు. 2012 జూలై 30వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఢిల్లీ, హర్యానా, పంజాబ్, ఉత్తరప్రదేశ్ మొదలైన రాష్ట్రాలకు కరెంటు అందించే ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు, అంటే జూలై 31న, మధ్యాహ్నం 1 గంట ప్రాంతంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఆగిపోయాయి. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం చీకటిలో పడింది. మొదటి రోజు వైఫల్యం రాత్రివేళ జరిగింది. రెండవ రోజుది మాత్రం ఆఫీసులు, దుకాణాలు నడుస్తున్న వేళ జరిగింది. యూపీఎస్ లేని కంప్యూటర్లు చేస్తున్న పని మధ్యలోనే ఆగిపోయాయి.

పని మధ్యలో ఆగిపోవడం వల్ల నష్టం ఏమిటి? ఒక కొత్త ఫైలును దాచినప్పుడు కంప్యూటరు కనీసం మూడు చోట్ల రాయాలి.

(అ) డిస్కులో ఏ గదులు ఖాళీ, ఏవి నిండినవి అని చూపే పట్టికలో ఈ గదులు నిండాయని గుర్తు పెట్టాలి. ఈ గదులను బ్లాకులు అంటారు.
(ఆ) ఫైలు పరిమాణం, యజమాని, అది ఏయే బ్లాకులలో ఉన్నదీ ఒక కార్డు మీద రాయాలి. ఈ కార్డును ఐనోడ్ అంటారు.
(ఇ) డైరెక్టరీలో ఫైలు పేరును, దాని ఐనోడ్ సంఖ్యను చేర్చాలి.

ఈ మూడూ ఒకే క్షణంలో జరగవు. రెండు జరిగి మూడవది జరగకముందే కరెంటు పోతే, ఫైలు ఉంటుంది కాని దానికి పేరు ఉండదు. రెండవది జరిగి మొదటిది జరగకపోతే ఇంకా ప్రమాదం. నిండిన బ్లాకు పట్టికలో ఖాళీగానే కనిపిస్తుంది కనుక కంప్యూటరు దానిని మరొక ఫైలుకు ఇచ్చేస్తుంది. అప్పుడు రెండు ఫైళ్లు ఒకే బ్లాకును పంచుకుంటాయి. ఒకదానిలో రాసినది మరొకదానిని చెరిపేస్తుంది. గమనించవలసిన విషయం ఏమంటే, ఈ నష్టం ఆ రోజే బయటపడదు. కొన్ని వారాల తరువాత ఎప్పుడో హాజరు ఫైలు తెరిస్తే అందులో వేరే ఫైలు ముక్క కనిపిస్తుంది.

17.4 పాత పద్ధతి : అంతా వెతకడం

1993లో వచ్చిన ఈఎక్స్‌టీ2 అనే ఫైలు వ్యవస్థను లినక్స్ చాలా ఏళ్లు వాడింది. డిస్కును సరిగా మూసినప్పుడు అది 'శుభ్రం' అని ఒక గుర్తు పెట్టేది. కరెంటు పోయి సరిగా మూయకపోతే ఆ గుర్తు ఉండేది కాదు. అప్పుడు మరుసటిసారి కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాము డిస్కు మీది లెక్కలన్నింటినీ మొదటినుంచి చివరివరకు చూసేది. ఈ పూర్తి తనిఖీ ఐదు దశలలో సాగుతుంది.

1. ప్రతి ఐనోడ్‌ను, అది చూపే బ్లాకులను, పరిమాణాన్ని చూడటం.
2. డైరెక్టరీల లోపలి పేర్లు సరైన ఐనోడ్‌లను చూపుతున్నాయా అని చూడటం.
3. ప్రతి డైరెక్టరీ మూల డైరెక్టరీతో కలిసి ఉందా అని చూడటం.
4. ఒక్కొక్క ఫైలుకు ఎన్ని పేర్లు ఉన్నాయో లెక్క సరిచూడటం.
5. ఖాళీ, నిండిన బ్లాకుల పట్టికలను పై లెక్కలతో పోల్చడం.

పేరు పోగొట్టుకున్న ఫైళ్లను ఈ ప్రోగ్రాము 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే డైరెక్టరీలో పెడుతుంది. అక్కడ వాటికి పేర్లకు బదులు సంఖ్యలు ఉంటాయి. రైల్వే స్టేషనులో ఎవరిదో తెలియని సామాను ఉంచే గదివంటిది ఇది.

ఈ పద్ధతిలో లోపం కాలం. డిస్కు పెరిగినకొద్దీ తనిఖీ సమయం కూడా పెరిగింది. పెద్ద సర్వర్లలో గంటల తరబడి సాగేది. అంతసేపూ పని నిలిచిపోయేది.

17.5 కొత్త పద్ధతి : చిట్టా, ఆవర్జా

వాణిజ్యశాస్త్రం చదివినవారికి చిట్టా, ఆవర్జా అనే మాటలు తెలుసు. వ్యాపారి ఏ వ్యవహారం జరిగినా ముందు చిట్టాలో తేదీవారీగా పద్దు రాస్తాడు. ఆ తరువాత తీరికగా ఆవర్జాలోని ఖాతాలకు ఎక్కిస్తాడు. ఎక్కిస్తుండగా మధ్యలో లేచి వెళ్లవలసి వచ్చినా ఇబ్బంది లేదు. తిరిగి వచ్చి చిట్టా చూస్తే ఏది ఎక్కించాలో తెలుస్తుంది. ఆవర్జా మొత్తం తిరగవేయనక్కరలేదు.

ఫైలు వ్యవస్థలో చిట్టా కూడా ఇలాంటిదే. దీనిని ఇంగ్లీషులో జర్నల్ అంటారు. డిస్కులో కొంత చోటు దీనికోసం కేటాయిస్తారు. పైన చెప్పిన మూడు మార్పులను ముందు చిట్టాలో ఒకే పద్దుగా రాసి, పద్దు ముగిసిందని గుర్తు పెడతారు. ఆ తరువాతనే అసలు చోట్లలో రాస్తారు. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు రెండే సూత్రాలు వర్తిస్తాయి.

• పద్దు ముగిసిందన్న గుర్తు ఉంటే, దానిని అసలు చోట్లలో మళ్లీ ఎక్కించాలి.
• గుర్తు లేకపోతే, ఆ పద్దును వదిలేయాలి.

అందువల్ల మూడు మార్పులూ జరుగుతాయి, లేదా మూడూ జరగవు. సగం పని మిగలదు. చిట్టా చిన్నది కనుక దీనిని చదివి సరిచేయడానికి కొన్ని సెకన్లు చాలు.

చిట్టా పద్ధతి లినక్స్‌కు ముందునుంచే ఉంది. ఐబీఎం సంస్థ జేఎఫ్‌ఎస్‌ను 1990లోనే తన ఏఐఎక్స్ వ్యవస్థలో వాడింది. ఈఎక్స్‌టీ2కు చిట్టా ఎలా చేర్చాలో స్టీఫెన్ ట్వీడీ 1998లో ఒక పత్రంలో వివరించారు. దాని ఫలితంగా వచ్చిన ఈఎక్స్‌టీ3 2001 నవంబరులో లినక్స్ 2.4.15లో చేరింది. ఈఎక్స్‌టీ4 2008 డిసెంబరులో 2.6.28తో వాడకానికి సిద్ధమయింది. ఇప్పుడు డెబియన్, ఉబుంటు వంటి లినక్స్‌లలో మామూలుగా ఉండేది ఇదే. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారంగా తయారయినదే.

ఒక హద్దును ఇక్కడ గుర్తుంచుకోవాలి. మామూలు అమరికలో చిట్టా కాపాడేది ఫైళ్ల లెక్కలను, అంటే ఐనోడ్‌లను, డైరెక్టరీలను, పట్టికలను. మీరు టైపు చేసి ఇంకా దాచని అక్షరాలను అది కాపాడలేదు. దాచిన తరువాత కూడా డిస్కుకు చేరడానికి కొద్ది సెకన్లు, ఒక్కొక్కప్పుడు అర నిమిషం దాకా, పట్టవచ్చు. ఆ లోపల కరెంటు పోతే ఆ చివరి మార్పు పోవచ్చు.

పాఠ్యాంతర ప్రశ్నలు 17.1

1. ఖాళీలు పూరించండి.
(అ) ఫైలు పరిమాణం, యజమాని, బ్లాకుల వివరాలు ఉండే కార్డును ________ అంటారు.
(ఆ) పేరు పోయిన ఫైళ్లను తనిఖీ ప్రోగ్రాము ________ డైరెక్టరీలో పెడుతుంది.
2. చిట్టాలో ముగింపు గుర్తు లేని పద్దును కంప్యూటరు ఏమి చేస్తుంది? ఎందుకు?

17.6 కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తనిఖీ ఎలా జరుగుతుంది?

స్విచ్ వేసిన తరువాత జరిగే క్రమాన్ని గమనించండి.

మొదటి మెట్టు : లినక్స్ కెర్నల్ జ్ఞాపకంలోకి వస్తుంది. మూల పార్టిషన్‌ను రాయడానికి తెరవకముందే తనిఖీ జరగాలి. రాస్తున్న ఆవర్జాను అదే సమయంలో సరిదిద్దకూడదు కదా!

రెండవ మెట్టు : ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలును కంప్యూటరు చదువుతుంది. ఇందులో ఒక్కొక్క పార్టిషన్‌కు ఒక్కొక్క వరుస, వరుసకు ఆరు గడులు ఉంటాయి. ఆరవ గడిలోని అంకె తనిఖీ వరుసను చెబుతుంది. 1 ఉంటే మొదట తనిఖీ చేయాలి. ఇది మూల పార్టిషన్‌కు. 2 ఉంటే ఆ తరువాత చేయాలి. 0 ఉంటే తనిఖీ అసలు వద్దు.

మూడవ మెట్టు : ఎఫ్‌ఎస్‌సీకే ప్రోగ్రాము పార్టిషన్ రకాన్నిబట్టి తగిన ప్రోగ్రామును పిలుస్తుంది. ఈఎక్స్‌టీ రకాలకు అది ఈ2ఎఫ్‌ఎస్‌సీకే. చిట్టాలో మిగిలిన పద్దులుంటే అది ముందు వాటిని ఎక్కిస్తుంది. ఆ తరువాత రెండు విషయాలు చూస్తుంది : లోపం ఉందన్న గుర్తు ఉందా? పూర్తి తనిఖీ గడువు దాటిందా? రెండూ లేకపోతే 'శుభ్రం' అని చెప్పి ముగిస్తుంది. ఏది ఉన్నా ఐదు దశల పూర్తి తనిఖీ మొదలుపెడుతుంది.

నాలుగవ మెట్టు : ప్రోగ్రాము తన ఫలితాన్ని ఒక సంఖ్యగా తెలియజేస్తుంది.

0 – లోపాలు లేవు.
1 – లోపాలు ఉన్నాయి, సరిచేయబడ్డాయి.
2 – కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టాలి.
4 – లోపాలు సరికాకుండా మిగిలాయి.
8 – ప్రోగ్రాము తన పని చేయలేకపోయింది.

ఒకటికన్నా ఎక్కువ పరిస్థితులుంటే సంఖ్యలను కలుపుతారు. ఉదాహరణకు 3 అంటే 1, 2 కలిసినది : లోపాలు సరి అయ్యాయి, కాని మళ్లీ మొదలుపెట్టాలి. 0 లేక 1 వస్తే కంప్యూటరు మామూలుగా ముందుకు పోతుంది. మూల పార్టిషన్‌కు 4 వస్తే అది ముందుకు పోకుండా అత్యవసర స్థితిలో ఆగి, మనిషి నిర్ణయం కోసం ఎదురు చూస్తుంది.

17.7 చిట్టా ఉంటే పూర్తి తనిఖీ ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. చిట్టా ఉంది కనుక ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆరవ గడిలో 0 పెట్టేస్తే కంప్యూటరు త్వరగా మొదలవుతుంది కదా అంటారు. ఈ వాదనలో సగం నిజం ఉంది. కరెంటు పోవడం వల్ల కలిగే లోపానికి చిట్టా చాలు. కాని లోపాలకు కారణం కరెంటు ఒక్కటే కాదు.

• డిస్కు పాతబడి కొన్ని చోట్ల చదవరాకుండా పోవచ్చు.
• జ్ఞాపకపు చిప్పులో లోపం వల్ల ఒక అంకె మారిపోవచ్చు.
• కేబుల్ వదులుకావచ్చు.
• కెర్నల్‌లోనే తప్పు ఉండవచ్చు.

ఇలాంటప్పుడు చిట్టాలోకే తప్పు పద్దు చేరుతుంది. గుమాస్తా చిట్టాలో 400 రూపాయలకు బదులు 4,000 రాస్తే, ఆవర్జాలో కూడా 4,000 అనే ఎక్కుతుంది. ఎక్కించే పద్ధతిలో తప్పు లేదు, ఎక్కించిన అంకెలోనే తప్పు. దానిని పట్టుకోవడానికి మొత్తం లెక్కలు సరిచూడాలి. దుకాణాలలో ఏటా సరుకు లెక్క వేసేది ఇందుకే.

పూర్వం ఈఎక్స్‌టీ పార్టిషన్‌లకు ఈ గడువు తయారీలోనే ఉండేది. కొన్నిసార్లు మౌంట్ చేసిన తరువాత, లేదా 180 రోజుల తరువాత, పూర్తి తనిఖీ తనంతట తాను జరిగేది. అత్యవసరంగా పని ఉన్న రోజే తనిఖీ మొదలై చాలాసేపు ఆగవలసి రావడం చాలామందికి ఇబ్బందిగా ఉండేది. అందువల్ల 2011లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 1.42నుంచి కొత్తగా తయారుచేసే పార్టిషన్‌లకు ఈ గడువు మామూలుగా ఉండటం లేదు. అంటే ఇప్పుడు ఆ బాధ్యత మీదే. మీరు గడువు పెట్టకపోతే, ఏ లోపమూ ముందుగా బయటపడకపోతే, పూర్తి తనిఖీ ఏళ్ల తరబడి జరగకపోవచ్చు.

17.8 గడువు పెట్టడం

ట్యూన్2ఎఫ్‌ఎస్ అనే ఆదేశంతో గడువు చూడవచ్చు, మార్చవచ్చు. ఆదేశాలను టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. మీ పార్టిషన్ పేరు ఎస్‌డీఏ2 అనుకుందాం.

ఇప్పటి స్థితి చూడటానికి :
సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీఏ2

వచ్చిన జాబితాలో ఎన్నిసార్లు మౌంట్ అయింది, గరిష్ఠ హద్దు ఎంత, చివరిసారి ఎప్పుడు తనిఖీ జరిగింది అనేవి ఉంటాయి. గరిష్ఠ హద్దు -1 అని ఉంటే మౌంట్‌ల లెక్కన గడువు లేదన్నమాట.

30 మౌంట్‌లకు లేక 6 నెలలకు, ఏది ముందయితే అప్పుడు తనిఖీ జరగడానికి :
సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -సి 30 -ఐ 6ఎం /డెవ్/ఎస్‌డీఏ2

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఆరవ గడిలో 0 ఉంటే గడువు పెట్టినా ఆ పార్టిషన్‌కు తనిఖీ జరగదు. రెండవది, రెండు మూడు పార్టిషన్‌లుంటే వాటికి వేరువేరు సంఖ్యలు, 30, 37, 43 ఇలా, పెట్టండి. లేకపోతే అన్నింటి వంతూ ఒకే రోజు వస్తుంది.

ఒక్కసారి మాత్రమే పూర్తి తనిఖీ కావాలంటే, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు గ్రబ్ జాబితాలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్ అని చేర్చి, ఎఫ్10 మీట నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. సెలవుకు ముందు సాయంత్రం ఈ పని పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

17.9 అన్ని ఫైలు వ్యవస్థలూ ఒకటి కావు

పై వివరాలు ఈఎక్స్‌టీ రకాలకు చెందినవి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2014లో వచ్చిన 7వ వెర్షన్‌నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను మామూలు రకంగా వాడుతోంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన చిట్టాను మౌంట్ అయ్యేటప్పుడే ఎక్కించుకుంటుంది. మామూలుగా కంప్యూటరు మొదలయ్యేటప్పుడు దాని ఎఫ్‌ఎస్‌సీకే ఏ తనిఖీ చేయకుండా 'సరే' అని తిరిగి వస్తుంది. దానిని సరిచేయాలంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ అనే వేరే ప్రోగ్రామును, మౌంట్ తీసివేసి నడపాలి. కనుక మీ పార్టిషన్ ఏ రకమో ముందు తెలుసుకోండి.

17.10 తెర మీద సందేశం కనిపిస్తే

మళ్లీ మన వర్క్‌షాపు సంగతి చూద్దాం. కరెంటు వచ్చింది. స్విచ్ వేశారు. తెర మీద కనిపించేదానిని బట్టి నిర్ణయం తీసుకోవాలి.

'చిట్టా సరిచేస్తున్నాను' అనే అర్థం వచ్చే సందేశం : భయపడవలసింది లేదు. కొన్ని సెకన్లు ఆగండి. కంప్యూటరు మొదలయ్యాక హాజరు ఫైలు తెరిచి చివరి పద్దులు ఉన్నాయో లేవో చూడండి.

శాతం అంకెలు నెమ్మదిగా పెరగడం : పూర్తి తనిఖీ జరుగుతోంది. స్విచ్ ఆపకండి. ప్రోగ్రాము సరిదిద్దుతున్న సమయంలో ఆపితే ఉన్న లోపానికి కొత్త లోపం తోడవుతుంది. పెద్ద డిస్కయితే ఓపిక పట్టండి.

'అనుకోని తేడా కనిపించింది, ఎఫ్‌ఎస్‌సీకేను మీరే నడపండి' అనే అర్థంలో పెద్ద అక్షరాల ఇంగ్లీషు వాక్యం : లోపాన్ని ప్రమాదం లేకుండా సరిచేయడం తన వల్ల కాలేదని ప్రోగ్రాము చెబుతోంది. ఇక్కడ తొందర పనికిరాదు. ప్రతి ప్రశ్నకూ 'అవును' అనడం చాలామంది అలవాటు. అలా అంటే డిస్కు శుభ్రమవుతుంది కాని కొన్ని ఫైళ్లు ముక్కలై లాస్ట్ అండ్ ఫౌండ్‌లో పడవచ్చు. అందులోని సమాచారానికి మరో ప్రతి లేకపోతే ముందు తెలిసినవారిని పిలిచి, డిస్కుకు పూర్తి నకలు తీయించి, ఆ తరువాత సరిచేయించండి.

ఒక నియమాన్ని ఎన్నడూ మీరకండి : రాయడానికి మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకేను నడపకూడదు.

చివరగా, తనిఖీ లెక్కలను సరిచేస్తుందే కాని పోయిన సమాచారాన్ని తిరిగి తేలేదు. దానికి నకలు ఒక్కటే మార్గం. హాజరు ఫైలును ప్రతి సాయంత్రం వేరే పెన్‌డ్రైవులోకి తీసి ఉంచితే, డిస్కు మొత్తం పోయినా మీరు నష్టపోయేది ఒక రోజు పని మాత్రమే. నలభై కుటుంబాల జీతం ఆ నకలు మీద ఆధారపడి ఉంది.

పాఠ్యాంతర ప్రశ్నలు 17.2

1. ఎఫ్‌ఎస్‌సీకే ఫలితం 5 వచ్చింది. దీని అర్థం ఏమిటి?
2. ఒకరు -సి 30 అని గడువు పెట్టారు. 60 సార్లు కంప్యూటరు మొదలుపెట్టినా పూర్తి తనిఖీ జరగలేదు. మొదట ఏమి చూడాలి?
3. చిట్టా వల్ల సరికాని రెండు లోపాలకు కారణాలు రాయండి.

కృత్యం

మీకు అందుబాటులో ఉన్న లినక్స్ కంప్యూటరులో, యజమాని అనుమతితో, ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్ ఆదేశం ఇవ్వండి. పార్టిషన్ పేరు, చివరి తనిఖీ తేదీ, మౌంట్ సంఖ్య, గరిష్ఠ హద్దు – ఈ నాలుగింటిని నోటు పుస్తకంలో రాయండి. ఆరు నెలలకు పైగా తనిఖీ జరగకపోతే ఏమి చేయాలో నాలుగు వాక్యాలలో సూచించండి.

మీరు ఏమి నేర్చుకున్నారు?

• ఒక ఫైలును దాచడానికి అనేక చోట్ల రాయాలి. మధ్యలో ఆగితే లెక్కలు పొంతన తప్పుతాయి.
• చిట్టా పద్ధతి సగం పనులు మిగలకుండా చూస్తుంది. కొన్ని సెకన్లలో సరిచేస్తుంది.
• డిస్కు, జ్ఞాపకం, కెర్నల్ లోపాలను చిట్టా పట్టుకోలేదు. వాటికి పూర్తి తనిఖీ అవసరం.
• ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఆరవ గడి, ట్యూన్2ఎఫ్‌ఎస్ గడువు రెండూ సరిగా ఉంటేనే గడువు ప్రకారం తనిఖీ తనంతట తాను జరుగుతుంది.
• తనిఖీ మధ్యలో స్విచ్ ఆపకూడదు. తనిఖీ నకలుకు ప్రత్యామ్నాయం కాదు.

పాఠాంత ప్రశ్నలు

1. చిట్టా, ఆవర్జా ఉదాహరణతో జర్నల్ పనిచేసే తీరును వివరించండి.
2. పూర్తి తనిఖీలోని ఐదు దశలను రాయండి.
3. 'చిట్టా ఉన్న ఫైలు వ్యవస్థకు తనిఖీ అనవసరం' – ఈ వాదనను పరిశీలించి మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ – కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఈ రెండింటి తనిఖీలో తేడా ఏమిటి?

పాఠ్యాంతర ప్రశ్నలకు జవాబులు

17.1
1. (అ) ఐనోడ్ (ఆ) లాస్ట్ అండ్ ఫౌండ్
2. వదిలేస్తుంది. ముగియని పద్దును ఎక్కిస్తే సగం మార్పులే జరిగి లెక్కలు పొంతన తప్పుతాయి.

17.2
1. 5 అంటే 4, 1 కలిసినది. కొన్ని లోపాలు సరి అయ్యాయి, కొన్ని మిగిలాయి.
2. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ పార్టిషన్ వరుసలో ఆరవ గడి చూడాలి. 0 ఉంటే తనిఖీ జరగదు. మూల పార్టిషన్ అయితే 1, ఇతరమైతే 2 ఉండాలి.
3. పాతబడిన డిస్కు, లోపమున్న జ్ఞాపకపు చిప్పు. వదులైన కేబుల్, కెర్నల్‌లోని తప్పు అని రాసినా సరైనదే.